కొలిచేదాన్ని ఎవరు కొలుస్తారు?

1922లో అమెరికాలోని లేక్ పెపిన్ నీళ్లమీద రాల్ఫ్ శామ్యూల్సన్ తొలిసారి స్కీయింగ్ చేసిననాడు పడవ వేగమంతా నడిపేవాడి అంచనాయే. నేడు ఆ పని జీపీఎస్‌ది. ఉపగ్రహ సంకేతాలతో వేగం లెక్కగట్టి, థ్రాటిల్‌ను అదే సర్దుతుంది.

"యంత్రముండగా ఇంక సరిచూడ్డం దేనికి?" అంటారు కొందరు. ఈ ధోరణి మంచిది కాదు.

స్లాలమ్ పోటీలో దారి 259 మీటర్లు. గంటకు 58 కిలోమీటర్ల వేగంతో పోతే పట్టే కాలం 16.08 సెకన్లు. ఒక్క కిలోమీటరు తగ్గిందా, అది 16.36 అవుతుంది. తేడా పావు సెకను పైచిలుకే! కానీ ఆరు బంతులు చుట్టి రావలసిన ఆటగాడికి అది అయాచిత వరం. వేగం పెరిగితే అకారణ శిక్ష.

ఉపగ్రహం అబద్ధమాడదు, నిజమే. అయితే ఏంటెన్నాకు ఆకాశం అడ్డులేకుండా కనబడాలి. నీటిమీది బంతులు కొలిచిన చోటే ఉండాలి. తాడు జారి బంతి పక్కకు పోతే యంత్రం పాత లెక్కనే నమ్ముకుంటుంది. కనుక పోటీకి ముందు దారిని మళ్లీ కొలిచి, పడవను రెండువైపులా నడిపి స్టాప్‌వాచీతో సరిచూడాలి. ఆ ఫలితం ఆటగాళ్లందరికీ చూపాలి.

మన ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్‌కు జీరో ఎర్రర్ చూడనిదే లెక్చరరుగారు రీడింగు రాయనివ్వరు కదా! ఆ నియమం నీళ్లమీద మాత్రం ఎందుకు సడలాలి?