కాఫీ ఇచ్చి చంపేవారు

విలన్ కత్తి దూస్తే నాకు భయం వేయదు. విరగబడి నవ్వితే అసలే వేయదు. కుర్చీ జరిపి, "కూర్చోండి, ఎండన పడి వచ్చారు, కాస్త చల్లగా ఏమైనా పుచ్చుకుంటారా?" అన్నాడంటే మాత్రం లేచి హాలు బయటికి పోదామా అనిపిస్తుంది.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అబ్బాయి ఫోనులో ఏదో ఇంగ్లీషు చిత్రం పెట్టుకుని చూస్తున్నాడు. ఉన్నట్టుండి తలెత్తి, "నాన్నగారూ, వీడు విలనా, పెళ్లికొడుకు తండ్రా? ఇంత మర్యాద చేస్తున్నాడేమిటి!" అన్నాడు. తొంగి చూతును గదా, డాక్టర్ నో!

1962లో వచ్చిన చిత్రమది. జేమ్స్ బాండ్ సినీమాల వరసలో మొట్టమొదటిది. కథ చాలా దూరం నడిచేదాకా ఆ డాక్టరు ముఖమే మనకు కనిపించదు. పేరు చెబితే చాలు, జనం హడలి చస్తుంటారు. తీరా బాండూ, అతనితో ఉన్న అమ్మాయీ పట్టుబడ్డాక ఏ చీకటి కొట్లోనో పడేస్తారని మనం అనుకుంటాం. అబ్బే! మంచి గదులు, ఉతికిన బట్టలు, ఫలహారం, కాఫీ. పెళ్లివారిని విడిదిలో దింపుకున్నట్టు దింపుకుంటారు. ఆ కాఫీ తాగి ఇద్దరూ స్పృహ తప్పి పడిపోతారు. రాత్రి భోజనానికి గృహస్థు స్వయంగా దయచేస్తాడు. జోసెఫ్ వైజ్‌మన్ అనే నటుడు వేశాడు ఆ వేషం. గొంతు పెంచే అలవాటు లేని మనిషి. బాండు బల్లమీది మద్యం సీసాను ఆయుధంగా అందుకోబోతే, అది 1955 నాటి సరుకనీ, పగిలితే దండుగనీ సెలవిస్తాడు. బాండు మాత్రం తక్కువ తిన్నాడా? తనకు 1953 నాటిదంటేనే ఇష్టమని జవాబు చెబుతాడు. ప్రాణాలు పోయే వేళ ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, పాత ఆవకాయ రుచా, కొత్త ఆవకాయ రుచా అని వాదించుకుంటున్నట్టు ఉంటుంది.

ఈ మర్యాద బాండుతో పుట్టినది కాదు. 1935లోనే హిచ్‌కాక్ తీసిన 'ది థర్టీ నైన్ స్టెప్స్' ఉన్నది. చేయని హత్యకు పోలీసులు తరుముతుంటే, కథానాయకుడు స్కాట్లండులో ఒక ప్రొఫెసరుగారి ఇంటికి పరుగెత్తి వచ్చి తన గోడంతా చెప్పుకుంటాడు. ఆయన ఓపికగా వింటాడు. శత్రు గూఢచారుల నాయకుడికి చిటికెన వేలు కొస లేదట అని ఇతను చెబితే, ఆయన తన చేయి ఎత్తి, ఈ చేయి కాదుగదా అన్నట్టు చూపిస్తాడు. ఆ చేతికే వేలు కొస లేదు. ఆయన పిస్తోలు తీసిన సమయానికి భార్య తలుపు తీసి, భోజనం సిద్ధమని చెప్పి వెళుతుంది. తుపాకీని చూసి కూడా ఆ ఇల్లాలు తొణకదు! ప్రొఫెసరుగారికంటే ఆవిడే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మళ్లీ ఆయనే 1946లో తీసిన 'నొటోరియస్'లో విలన్ భర్త. క్లాడ్ రెయిన్స్ ఆ పాత్ర ధరించాడు. యుద్ధంలో ఓడిన నాజీల ముఠా మనిషి. కాని, పెళ్లాడిన పిల్లను నిజంగానే ప్రేమించాడు. ఆమె అమెరికా వారి గూఢచారిణి అని తెలిసిన రాత్రి, చిన్నపిల్లవాడిలా తల్లి దగ్గరకు వెళ్లి చెప్పుకుంటాడు. ఆ తరువాత తల్లీకొడుకులు ఆమెకు రోజూ కాఫీ ఇస్తారు. కొట్టరు, తిట్టరు. నీరసంగా ఉన్నావేమని పరామర్శిస్తారు. ఒకనాడు ఇంటికి వచ్చిన చుట్టం పొరపాటున ఆమె కప్పు అందుకోబోతే, తల్లీకొడుకులిద్దరూ ఒక్కసారిగా ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటులో ఆమెకు సమస్తమూ అర్థమైపోతుంది. ఆ కప్పును నేను ఇప్పటికీ మరవలేదు.

మన భాషకు ఇటువంటి వారు కొత్త కాదు. ఎన్ని పేర్లు పెట్టుకున్నామో చూడండి: మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం, పయోముఖ విషకుంభం, తేనె పూసిన కత్తి. అన్నిటికంటె నాకు నచ్చినది ధృతరాష్ట్ర కౌగిలి. యుద్ధమయ్యాక ఆ గుడ్డిరాజు భీముణ్ణి ప్రేమతో పిలుస్తాడు. కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు తోశాడు గనుక సరిపోయింది, బొమ్మ తుత్తునియలైంది. రావణాసురుడు కూడా పది తలలతో వచ్చి సీతమ్మను ఎత్తుకుపోలేదు. సన్యాసి వేషంలో వచ్చి భిక్ష అడిగాడు. ఇన్ని పేర్లున్న జాతి ఎన్నిసార్లు మోసపోయి ఉండాలి?

మన తెలుగు చిత్రాల సంగతి. మా నాన్నగారు పదహారేళ్ల వయసులో, 1966లో, ముదినేపల్లి నుంచి స్నేహితులతో సైకిళ్లు తొక్కుకుంటూ గుడివాడ వెళ్లి 'గూఢచారి 116' చూసి వచ్చారు. కృష్ణ, జయలలిత నటించినది, మల్లికార్జునరావుగారి దర్శకత్వం, ఆరుద్రగారి రచన. అంతకు రెండేళ్ల ముందు ఫ్రెంచివారు తీసిన ఒక బాంకాక్ గూఢచారి కథ దీనికి మూలం. మరుసటి ఏడు ఇదే హిందీలో 'ఫర్జ్' అయి, జితేంద్రకు పేరు తెచ్చింది. ఆ ఫ్రెంచి చిత్రంలోని విలనూ ఒక డాక్టరే. చక్కని బట్టలు, మెత్తని మాట, ఎదుటివాణ్ణి కట్టిపడేసే చూపు. రాబర్ట్ హొస్సేన్ ధరించాడు ఆ పాత్ర. వాళ్లకు డాక్టర్లంటే ఏమి పగో!

తెలుగు ప్రేక్షకుడికి అప్పటిదాకా అలవాటైన విలన్ వేరు. జానపద చిత్రాలలో రాజనాల తెరమీదికి రాగానే నేలక్లాసులో చంటిపిల్లలతో సహా అందరికీ తెలిసిపోయేది. అయినా మన తెరమీద తియ్యని దుర్మార్గానికి పునాది అప్పటికే పడింది. 1951 నాటి 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి బలి ఇవ్వడానికే చేరదీస్తాడు. కాని ఎంత ఆప్తుడిలా చేరదీస్తాడు! ఆ వేషం కట్టిన రంగారావుగారు పుట్టినది నూజివీడులో. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది, నూజివీడూ వచ్చింది. జిల్లా మారినందుకు నాకు దక్కిన లాభం, ఆయన జిల్లావాణ్ణని చెప్పుకోవడం. 1971లో 'జేమ్స్ బాండ్ 777'లో కృష్ణకు ఎదురు నిలిచిన సత్యనారాయణగారిది గుడివాడ పక్కన కవుతరమే. విలన్ల విషయంలో మా ప్రాంతం గొడ్డుపోలేదు.

తరువాత నాగభూషణం వచ్చాడు. 'రక్తకన్నీరు' నాటకంతో ఊరూరా జనాన్ని కూర్చోబెట్టిన ఆ గొంతు వెండితెరమీద పెద్దమనిషి పాత్రలు కట్టింది. నవ్వుతూ అంటించేవాడు, నవ్వుతూనే ముంచేవాడు. ఆ పైన 1975లో 'ముత్యాల ముగ్గు' కాంట్రాక్టరు. బాపు రమణలు మలిచి, రావు గోపాలరావు బ్రతికించిన మనిషి. వెంట మేళం పెట్టుకుని తిరిగే రసికుడు, సూర్యోదయం చూసి పరవశించగలవాడు. అది గూఢచారి చిత్రం కాదు, నిజమే. కాని డాక్టర్ నో మా గోదావరి జిల్లాలలో పుట్టి ఉంటే అచ్చం ఆ కాంట్రాక్టరు లాగానే ఉండేవాడని నా నమ్మకం.

గూఢచారి కథకే ఈ మర్యాద ఎందుకు అంతగా అతుకుతుంది? నాకు తోచినది చెబుతాను. జానపద చిత్రంలో నాయకుడికీ ప్రతినాయకుడికీ మధ్య కత్తి ఉంటుంది. గూఢచారి కథలో ఇద్దరి మధ్యా భోజనాల బల్ల ఉంటుంది. నాయకుడు తక్కువవాడేమీ కాదు. వాడూ దొంగపేరు పెట్టుకునే వచ్చాడు, వాడూ నవ్వుతూనే అబద్ధమాడుతున్నాడు. ఇద్దరికీ సంగతి తెలుసు, మనకూ తెలుసు. ఎవరు ముందు మర్యాద తప్పుతారో వాడు ఓడినట్టు. ఇంకొకటి. మర్యాద గల విలన్ ఎన్నడూ తన చేతికి మట్టి అంటనివ్వడు. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో దొరగారు చల్లని పానీయాలిచ్చి మాట్లాడుతుంటే, మెడలు విరిచే పని టోపీ విసిరే నౌకరుది. 1983లో ఉదయపూరులో తీసిన 'ఆక్టోపసీ'లో కమల్ ఖాన్ రాజకుమారుడిలా విందులు చేస్తాడు. చంపడానికి పక్కన కబీర్ బేడీ ఉంటాడు. కొట్టే పని మరొకడు చూసుకుంటుంటే మెత్తగా మాట్లాడడానికి ఎవరికైనా కష్టమేముంది?

ఇది నాకు సినీమాల వల్ల తెలిసిన విషయం కాదు.

2001లో నేను తెలుగు ఎం.ఏ. ముగించుకుని ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను. ఆ రోజుల్లో ఒకాయన మా ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాడు. చెప్పులు వీధి అరుగు కిందే విడిచేవాడు. మా నాన్నగారిని "బావగారూ" అనీ, అమ్మను "అక్కయ్యగారూ" అనీ పిలిచేవాడు. మజ్జిగ ఇస్తే లేచి నిలబడి రెండు చేతులా అందుకునేవాడు. మాకున్న మూడెకరాల వరిచేను చేపల చెరువుకు లీజుకు ఇమ్మన్నాడు. చుట్టూ ఉన్న చేలు ఒక్కటొక్కటే చెరువులవుతున్న కాలం. శీలావతి, బొచ్చె తప్ప మరో మాట వినబడేది కాదు. మూడేళ్లు లీజు, ఆపైన మీ భూమి మీది అన్నాడు.

నాన్నగారు కాగితం నా చేతికిచ్చి, "చదువుకున్నవాడివి, చదివి చెప్పు" అన్నారు.

ఆయన నావైపు తిరిగి, "అల్లుడుగారు పద్యాలు కూడా రాస్తారటగదా బావగారూ! కాగితాలదేముంది, ముందు ఒక పద్యం విననివ్వండి" అన్నాడు. నేను చదివాను. ఒకటి కాదు, నాలుగు చదివాను. ఆయన కళ్లు మూసుకుని విని, మూడో పద్యంలో యతి ఎంత అందంగా పడిందో చెప్పాడు. నిజంగానే ఆ యతి బాగా పడింది. అదే నా ఖర్మ. ఆ ఊపులో కాగితం మీద కన్ను వేసి, అంతా సరిగ్గానే ఉందని నాన్నగారితో చెప్పాను. మూడేళ్ల తరువాత మరి నాలుగేళ్లు లీజు పొడిగించుకునే హక్కు ఆయనదేననీ, చెరువు పూడ్చి తిరిగి చేను చేసి ఇచ్చే బాధ్యత ఆయనది కాదనీ రెండో పేజీలో ఉన్నది. శుద్ధమైన తెలుగులోనే ఉన్నది.

పొక్లెయిను వచ్చిన రోజున ఆయన రాలేదు. మేనేజరు వచ్చాడు. పైమట్టి అంతా తవ్వి గట్లు పోశారు. ఏడేళ్ల తరువాత అడగబోతే, ఆయన తన ఇంట్లో మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ కప్పులు స్వయంగా అందించి, రెండు చేతులూ జోడించి, తానేమీ చేయలేనన్నాడు. ఆ గోతిని మళ్లీ చేను చేసే ఖర్చు మాకు తలకు మించినది. అది ఇవాళ్టికీ చెరువుగానే ఉన్నది. ఎవరో ఒకరికి లీజుకు ఇస్తూనే ఉన్నాం. 2006లో కొల్లేటి లోపలి చెరువుల గట్లు ప్రభుత్వంవారు తెగగొట్టించినప్పుడు, మా చేను ఆ హద్దుకు బయట ఉన్నందుకు సంతోషించాలో విచారించాలో నాకు తెలియలేదు.

నన్ను పొడిచేది ఏమంటే, ఆ ఎం.ఏ. రోజుల్లోనే నేను 'ముద్రారాక్షసం' చదివాను. విశాఖదత్తుని నాటకం, నా దృష్టిలో దానిని మించిన గూఢచారి కథ లేదు. మొదటి అంకంలో చాణక్యుడు చందనదాసు అనే రత్నవర్తకుణ్ణి పిలిపిస్తాడు. అతను శత్రుమంత్రి కుటుంబాన్ని ఇంట్లో దాచాడని చాణక్యుడికి తెలుసు. అయినా కూర్చోమని ఆసనం చూపించి, వ్యాపారం లాభసాటిగా సాగుతున్నదా అని కుశలం అడుగుతాడు. చందనదాసు తనలో తాను, ఇంత ఆదరం చూపుతున్నాడంటే శంకించవలసిందే అనుకుంటాడు. నగల దుకాణం పెట్టుకున్నవాడికి తోచిన ముక్క, ఆ నాటకానికి మంచి మార్కులు తెచ్చుకున్న నాకు తోచలేదు. ఇప్పుడు క్లాసులో అవకాశం దొరికినప్పుడల్లా ఆ ఘట్టం చెబుతాను. పిల్లలు వింటారు. మర్యాదగా.

మా నాన్నగారు మాత్రం ఆయన్ని ఈనాటికీ ఒక్క మాట అనరు. "మనిషి మంచివాడేరా. కాగితం మనం చూసుకోవద్దూ?" అంటారు. మనం అంటారు, నువ్వు అనరు.

మొన్న మాఘమాసంలో ఆయన శుభలేఖ పట్టుకుని మళ్లీ వచ్చాడు, మనవరాలి పెళ్లి. జుట్టు పూర్తిగా నెరిసింది. చెప్పులు అరుగు కిందే విడిచాడు. "బావగారూ, మీరు రాకపోతే పందిట్లో నాకు నిండుగా ఉండదు" అన్నాడు. నాన్నగారు పైకి లేవబోతే వద్దని వారించి, తానే వంగి శుభలేఖ చేతికిచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి, ఇరవై ఏళ్లుగా మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ వరసగా పేర్చుకుంటున్నాను.

"కూర్చోండి మామయ్యగారూ, ఎండన పడి వచ్చారు" అన్నాను. కుర్చీ నేనే జరిపాను. కాఫీ పెట్టమని లోపలికి కేక కూడా నేనే వేశాను.

ఆయన కాఫీ తాగి, చాలా బాగుందని మా ఆవిడతో చెప్పి, నావైపు తిరిగాడు. "కవిగారు ఇంకా పద్యాలు రాస్తున్నారా?"

"అప్పుడప్పుడు రాస్తున్నానండీ" అన్నాను.