ముక్కుకి హెడ్‌ఫోన్స్ ఉండవు బాస్!

ఆఫీస్ క్యాబ్ ఎక్కేముందు నాలుగైదు సార్లు సెంటు కొట్టుకోవడం నాకు ఇంజనీరింగ్ నుంచీ అలవాటు. హాస్టల్‌లో నీళ్లు రాని రోజున స్నానం బదులు అదే కదా మరి!

మా టీమ్‌లో ఒకమ్మాయి నా పక్క సీట్లో కూర్చునేది. ఓ రోజు ఉన్నట్టుండి లాప్‌టాప్ తీసుకుని చివరి వరసకి వెళ్లిపోయింది. కోడ్ రివ్యూలో ఏమైనా ఎక్కువ మాట్లాడానా అని రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నా. ఆఖరికి లంచ్‌లో అడిగేశా.

"ఏమనుకోకు. నాకు ఆస్తమా. నీ సెంటు వాసనకి ఛాతీ పట్టేస్తోంది. చెబితే నవ్వుతారని ఊరుకున్నా" అంది, బ్యాగ్‌లోంచి ఇన్‌హేలర్ తీసి చూపిస్తూ. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి సీసా తిప్పి చూశా. పదార్థాల వరసలో 'ఫ్రాగ్రెన్స్' అని ఒక్క ముక్క. అది ఒక్క పదార్థం కాదు, దాని వెనక డజన్ల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. యూరప్‌లో మాత్రం అలర్జీ తెప్పించే 26 పదార్థాలు మోతాదు దాటితే విడిగా రాయాలని 2005 నుంచి రూలు. 2023లో ఆ జాబితాని 80 దాటించారు.

'నేచురల్ అయితే ఏం కాదులే' అనుకుంటాం. నిమ్మజాతి తొక్కల్లో ఉండే లిమొనీన్, లావెండర్‌లో ఉండే లినలూల్ సహజమైనవే. కానీ గాలి తగిలి ఆక్సిజన్‌తో కలిస్తే చర్మానికి అలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. 'అన్‌సెంటెడ్' అన్న మాటనీ నమ్మేయకండి. అసలు వాసన తెలీకుండా ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉందేమో చూడండి.

ఏసీ ఆఫీసులో కిటికీలు తెరుచుకోవు. ఒకరి డియో, ఇంకొకరి హెయిర్ సీరమ్, గోడ మీద బుస్సుమనే ఫ్రెష్‌నర్ మెషీన్, అన్నీ కలిపి అందరం పీలుస్తాం. పక్కోడి పాట నచ్చకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. ముక్కుకి ఏం పెడతాం? ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరాడదు, మైగ్రేన్ ఉన్నవాళ్లకి తల పగిలిపోతుంది.

ఆఫీసుకి సెంటు మానేశా. మీటింగ్ రూమ్‌లో ఆ మెషీన్ ఆపమని ఇద్దరం కలిసి మెయిల్ పెట్టాం. ఆపారు. ఆ అమ్మాయి మళ్లీ నా పక్క సీటుకి వచ్చింది.

వారం తర్వాత హౌస్‌కీపింగ్ అక్క కనిపించి అంది: "మంచిగైంది సారూ. రోజూ ఆ డబ్బా నింపేది నేనే గదా, తుమ్ములతో సచ్చిన."

రోజూ ఆమె పక్కనుంచే వెళ్లేవాళ్లం. ఒక్కరమూ అడగలేదు.