మోకాటి నొప్పికి సూది మందా, సాధనా?

వాలీబాల్ ఆడే ఇరవై ఏళ్ళ కుర్రవాడు మెట్లు దిగేటప్పుడు, సజ్దాకు వంగేటప్పుడు ముఖం చిట్లిస్తాడు. ఎక్కడ నొప్పి అని అడిగితే మోకాటి చిప్పకు కొంచెం కింద వేలితో నొక్కి, "ఇక్కడే అమ్మీ" అంటాడు. తల్లి కీళ్ళవాతమేమోనని బెంగపడుతుంది. పొరుగింటివారు తలా ఒక నూనె చెబుతారు. కాని ఇటువంటి నొప్పి చాలాసార్లు కీలుకు సంబంధించినది కాదు. మోకాటి చిప్పను కాలి ముందరి ఎముకకు కలిపి ఉంచే గట్టి పట్టీని టెండన్ అంటారు. ఎగిరి దూకే ఆటలలో దానిపై పడే భారం అది కోలుకొనే శక్తిని మించినప్పుడు నొప్పి పుట్టి, నెలల తరబడి వదలదు. ఇంట్లోని పెద్దవారి మోకాళ్ళ నొప్పి సాధారణంగా కీలు అరుగుదల వల్ల వచ్చేది. అది వేరు విషయం.

ఈ నొప్పికి ఏ మందు పనిచేసిందో తేల్చడం సులువు కాదు. నొప్పి ఒక నెల హెచ్చుతుంది, మరో నెల తగ్గుతుంది. మనం వైద్యునివద్దకు పరుగెత్తేది అది బాగా హెచ్చినప్పుడే. ఆ తరువాత దానంతటది తగ్గినా ఆ ఘనత చివరగా వాడిన మందుకే దక్కుతుంది. అందుకే పరిశోధకులు రోగులను చీటీలు తీసినట్లు వేర్వేరు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క చికిత్స చేసి, తరువాత పోల్చి చూస్తారు.

డెన్మార్కులో 2009లో వెలువడిన పరీక్ష అటువంటిదే. 39 మంది పురుషులలో కొందరికి స్టెరాయిడ్ సూది వేశారు. మిగిలినవారిలో కొందరిచేత వాలుపలకపై నిలబడి మెల్లగా గుంజీ దిగే సాధన, కొందరిచేత బరువులతో నిదానంగా చేసే సాధన చేయించారు. 12 వారాలకు మూడు జట్లూ మెరుగుపడ్డాయి. పరీక్ష అక్కడితో ఆగి ఉంటే సూదే సుఖమని అందరూ అనేవారు. ఆరు నెలలకు చూస్తే సూది వేయించుకొన్నవారు వెనుకకు జారారు. సాధన చేసినవారి మేలు నిలిచింది.

రోగి రక్తం నుండే తీసి ఎక్కించే పి.ఆర్.పి. సూదికి ఇప్పుడు మంచి గిరాకీ ఉన్నది, ఖర్చూ తక్కువ కాదు. 2019లో వెలువడిన పరీక్షలో 57 మందిని మూడు జట్లు చేసి, రెండు జట్లకు రెండు రకాల పి.ఆర్.పి., మూడవ జట్టుకు వట్టి ఉప్పునీరు ఎక్కించారు. అందరిచేతా సాధన కూడా చేయించారు. ఏడాది గడిచినా పి.ఆర్.పి. జట్లు ఉప్పునీటి జట్టుకన్నా మెరుగని తేలలేదు. ఆ సూదికోసం ఇల్లాలి గాజులు తాకట్టు పెట్టవలసిన అగత్యం నాకు కనిపించదు. శస్త్రచికిత్స సంగతీ ఇంతే: నార్వేలో 2006లో దానిని సాధనతో పోల్చినప్పుడు, ఏడాది తరువాత రెండింటికీ తేడా కనబడలేదు.

మరి సాధన ఎలా ఉండాలి? నెదర్లాండ్సులో 76 మందితో 24 వారాలు జరిపిన పరీక్ష 2021లో వెలువడింది. మోకాలు కదపకుండా బిగబట్టడంతో మొదలుపెట్టి, తరువాత బరువులు, ఆపైన గెంతులు, చివరకు ఆట అన్నట్లు మెట్టుమెట్టుగా భారం పెంచినవారు, నొప్పి పుట్టినా ఓర్చుకొంటూ గుంజీలు చేసినవారికన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. అయితే ఆ మంచి జట్టులోనూ 24 వారాలకు మునుపటి స్థాయిలో ఆటకు తిరిగి వెళ్ళినవారు సగంకన్నా తక్కువే. ఇంకొక లోటూ ఉన్నది. ఉప్పునీటిని మందని నమ్మించవచ్చు గాని, చేయని గుంజీని చేసినట్లు ఎవరినీ నమ్మించలేము. కనుక సాధన పరీక్షలలో రోగి నమ్మకం కొంత కలిసే ఉంటుంది.

అబ్బాయిని వైద్యునికి చూపించి, ముందు ఇది టెండన్ నొప్పేనని నిర్ధారించుకోండి. మోకాలు వాచినా, వేడెక్కినా, వంగక బిగుసుకుపోయినా ఆలస్యం చేయవద్దు. సూది వేస్తామంటే, "ఆరు నెలల తరువాత దీని మేలు ఎంత ఉంటుంది?" అని సంకోచించక అడగండి. సాధన ఫిజియోథెరపిస్టు చెప్పిన వరుసలోనే సాగాలి. నొప్పి పదింట మూడు దాటితే భారం తగ్గించాలి. సజ్దాలో నొప్పి భరించలేనంతగా ఉంటే కూర్చొని నమాజు చేసుకొనే సౌలభ్యం రోగికి ఎలాగూ ఉన్నది. గోడమీది క్యాలెండరులో రోజూ ఆ పదింటి లెక్క వేయించండి. మూడు నెలల కాగితాలు తిరగవేసి చూస్తే, సాధన పనిచేస్తున్నదో లేదో మీ ఇంట్లోనే కొంత తెలుస్తుంది.