కొత్త అయ్యగారికి ఊరి మాట రావాలి

పాస్టరు బదిలీ అయ్యాడంటే సంఘంలో మొదట వినిపించే మాట ఒకటే. ‘వచ్చే అయ్యగారు ఎట్లాంటి మనిషి?’ ప్రసంగం బాగా చెబుతాడా, ఇళ్లకు వచ్చి పలకరిస్తాడా, కానుకల లెక్క నిక్కచ్చిగా చూపిస్తాడా అని ఆరా తీస్తారు. నాగలమడిక లాంటి సరిహద్దు ఊళ్లలో వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఆయనకు తెలుగు వస్తుందా?

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్రే. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ, తాలూకాఫీసులో కన్నడ. నాగలమడిక సుబ్రహ్మణ్యస్వామి జాతరకు రెండు భాషల జనమూ వస్తారు. సంతలో, బస్సులో రెండు మాటలూ కలిసిపోతాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే సంత మాట వేరు, కడుపులో బాధ చెప్పుకునే మాట వేరు. జబ్బుపడిన ముసలమ్మ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేటప్పుడు, మొగుడూ పెళ్లాల తగువు తీర్చేటప్పుడు, సమాధి దగ్గర నాలుగు ఓదార్పు మాటలు చెప్పేటప్పుడు సగం అర్థమయ్యే భాషతో పని జరగదు.

ఎవరు పంపుతారు?

పాస్టరును నియమించే పద్ధతి అన్ని సంఘాల్లో ఒకటి కాదు. కేథలిక్కుల్లో ఫాదర్‌ను నియమించేది బిషప్పే. సీఎస్ఐలో బిషప్, డయోసిస్ కమిటీలు కలిసి నిర్ణయిస్తాయి. స్థానిక పాస్టరేట్ కమిటీ తన మాట చెప్పుకోవచ్చు గానీ, ఉత్తర్వు మాత్రం పైనుంచే వస్తుంది. బాప్టిస్టుల్లో సంఘమే పిలుస్తుంది. ఒకటి రెండు ఆదివారాలు ప్రసంగం చెప్పించుకుని, పెద్దలు మాట్లాడి, సభ్యుల ఒప్పుదల తీసుకుంటారు. స్వతంత్ర సంఘాల్లో స్థాపించినాయన తర్వాత కొడుకో అల్లుడో రావడం తరచూ చూసేదే.

పైనుంచి పంపే పద్ధతిలో మేలు లేకపోలేదు. ఊరి కక్షలకు, కులం పట్టింపులకు పాస్టరు బందీ కాడు. ఇంతంత కానుకే వచ్చే పేద సంఘానికి కూడా ఒక కాపరి దొరుకుతాడు. సంఘమే పిలుచుకునే చోట ఎక్కువ చందా ఇచ్చేవాళ్ల మాటే నెగ్గే ప్రమాదం ఉంది. కాబట్టి పద్ధతి మార్చమని పోట్లాడటం దండగ. ఏ పద్ధతైనా సరే, నియామకానికి ముందు సంఘం నోరు తెరిచిందా లేదా అన్నదే ముఖ్యం.

చిక్కంతా హద్దుల్లో ఉంది. అనంతపురం వైపు సీఎస్ఐ సంఘాలు కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ డయోసిస్‌లో ఉన్నాయి. తుమకూరు జిల్లా బెంగళూరు కేంద్రంగా ఉన్న కర్ణాటక సెంట్రల్ డయోసిస్‌లో ఉంది. బెంగళూరులో బదిలీల జాబితా చూసేవాళ్లకు పావగడ కర్ణాటకలోని ఇంకో తాలూకా మాత్రమే. అక్కడ ముసలివాళ్లు ఏ భాషలో ఏడుస్తారో ఆ జాబితాలో రాసి ఉండదు.

ఈ గొడవ కొత్తది కాదు

భాష పట్టింపు మొదటి సంఘంలోనే వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూస్తే తెలుస్తుంది. రోజూ పంచే ఆహారంలో తమ విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వాళ్లను కసురుకోలేదు. మీలోంచి ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. సంఘం ఎంచుకున్న ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. వాళ్లకు అప్పగించింది వడ్డన పని కావచ్చు. అయినా ఫిర్యాదు చేసినవాళ్ల భాష తెలిసినవాళ్లకే ఆ పని దక్కిందన్నది గమనించాలి.

1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు కూడా ఇలాంటి మాటే ఇచ్చారు. అలవాటు లేని ఆరాధన పద్ధతిని గానీ, మనస్సాక్షి ఒప్పుకోని పరిచర్యను గానీ ఏ సంఘం మీదా రుద్దబోమన్నారు. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసే వేళ, ఎవరి అభిషేకం చెల్లుతుందన్న భయం పోగొట్టడానికి ఇచ్చిన మాట అది. భాష గురించి కాదు. కానీ అందులోని మర్యాద భాషకూ వర్తిస్తుంది.

సంఘం చేయాల్సింది

అట్లని తెలుగు ఒక్కటే చాలనుకుంటే పొరపాటు. కన్నడ బడిలో చదివిన పిల్లలకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. అవ్వ చేతిలోని తెలుగు బైబిలు మనవడు చదవలేడు. మనవడు చదివే కన్నడ వాక్యం అవ్వకు అందదు. ఈ ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టగలిగిన మనిషే సరిహద్దు సంఘానికి పాస్టరు. కన్నడలో చదివి తెలుగులో విడమరచి చెప్పగలగాలి. కన్నడ వద్దనేవాళ్లు, తెలుగు ఎందుకనేవాళ్లు ఇద్దరూ సంఘాన్ని సగం ఖాళీ చేసేవాళ్లే.

అందుకని ఉత్తర్వు వచ్చాక బిషప్ ఆఫీసు ముందు నిలబడటం కాదు, ముందే ఉత్తరం రాయాలి. ఎన్ని కుటుంబాలున్నాయి, ఎవరు ఏ భాషలో ప్రార్థిస్తారు, పిల్లలు ఏ భాష చదువుతారు అన్న వివరాలు అందులో ఉండాలి. పెద్దలు నలుగురే కూర్చుని రాస్తే చాలదు. ఆడవాళ్లు, కుర్రవాళ్లు కూడా సంతకం పెట్టాలి. సంఘమే పిలుచుకునే చోట ఆదివారం ప్రసంగం ఒక్కటి విని తేల్చేయకూడదు. వచ్చినాయనను రెండిళ్లకు తీసుకెళ్లి ముసలివాళ్లతో మాట్లాడించాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఇక్కడి పిల్లల్లోంచే ఒకరిని వేదాంత విద్యకు పంపడం. కన్నడానికి మంగళూరులో, తెలుగుకు హైదరాబాద్‌లో వేదాంత కళాశాలలున్నాయి. ఆడపిల్లయినా సరే. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్ఐలో ఆ పదవికొచ్చిన తొలి మహిళ ఆమే. చదివి వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది. ఉత్తరం రాయడానికి మాత్రం ఒక్క ఆదివారం, ఆరాధన ముగిశాక ఒక గంట చాలు.