వారాల లెక్క, కోట్ల లెక్క

ఫలానా సినిమా మూడు రోజుల్లో ఇన్ని కోట్లు కొట్టిందంటూ మన లూమ్ షెడ్లలోనూ పందేలు నడుస్తున్నాయి. హీరో మనవాడైతే మరీనూ. 2017లో బాహుబలి రెండో భాగం ఒక్క హిందీలోనే 500 కోట్లు దాటింది. 2024లో పుష్ప రెండో భాగం హిందీలో 800 కోట్లు దాటింది. భీవండిలో, షోలాపూర్‌లో ఉంటున్న తెలుగువాళ్లం సంతోషించామంటే తప్పేమీ లేదు. కాని ఈ కోట్ల లెక్కను ఒకసారి విప్పి చూడాలి.

పూర్వం సినిమా ఆడిందంటే వారాలు లెక్కపెట్టేవాళ్లం. 25 వారాలైతే సిల్వర్ జూబిలీ, 50 అయితే గోల్డెన్ జూబిలీ. 1975లో వచ్చిన షోలే బొంబాయి మినర్వాలో అయిదేళ్లకు పైగా ఆడింది. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ స్టాల్ టిక్కెట్టు కొంటే తప్ప ఏ సినిమా అన్నేళ్లు ఆడదు. అదే ఏడాది వచ్చిన దీవార్‌లో తండ్రి కార్మిక నాయకుడు. భార్యాబిడ్డలను అడ్డం పెట్టుకుని యాజమాన్యం అతని చేత సంతకం చేయిస్తుంది. ఆ సంతకం బరువెంతో మిల్లు గేటు మీటింగుల్లో నిలబడినవాళ్లకు ఎవరూ వివరించనక్కర లేకపోయింది.

వారాల లెక్కలో మనిషి కనిపించేవాడు. కోట్ల లెక్కలో 50 రూపాయల టిక్కెట్టు కొన్న పదిమందీ 500 పెట్టిన ఒక్కడూ సమానమే. జనం తగ్గినా ధర పెంచితే రికార్డు బద్దలవుతుంది. పుష్ప రెండో భాగానికి తెలంగాణలో ముందురోజు రాత్రి షో టిక్కెట్టు వెయ్యి రూపాయలు దాటింది. మన ఒక షిఫ్టు కూలిని దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. పైగా పోస్టర్ల మీద వేసేది గ్రాస్. అందులో పన్నూ, థియేటర్ వాటా కలిసే ఉంటాయి. జీతం చీటీలో గ్రాస్‌కూ చేతికొచ్చేదానికీ ఉన్న తేడా మనకు కొత్త కాదు. 100 రూపాయల లోపు టిక్కెట్టుపై పన్నును 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. మాల్‌లో ఆ ధరకు సీటు దొరికినవాళ్లుంటే మాకు రాయండి.

మాల్ అంటే గుర్తొచ్చేది బొంబాయి మిల్లుల జాగాలే. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. ఆ తరువాత ఒక్కొక్కటిగా మిల్లులు మూతపడ్డాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట నేడు మాల్ ఉంది, అందులో మల్టీప్లెక్స్ ఉంది. ఆ సమ్మె కుటుంబాల కథను 2010లో మహేశ్ మంజ్రేకర్ మరాఠీలోనూ హిందీలోనూ సినిమాగా తీశారు. వందకోట్ల జాబితాలో దాని పేరు లేదు.

ఇక ఈ కోట్లు సినిమా పనివాళ్ల దాకా ఎంత చేరుతున్నాయి? 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో లైట్‌మన్లు, డ్రైవర్లు, సెట్టు పనివాళ్లు 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మెకు దిగారు. షూటింగులు ఆగిపోయాయి. రెండు వారాలకు పైగా నిలబడితే 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది, అదీ మూడేళ్లలో విడతలవారీగా. ఈ సంగతి మన షెడ్లలో ఎంతమందికి తెలుసో, కలెక్షన్ల మీద పందెం వేసినవాళ్లనే అడిగి చూడండి.