ఓడపెట్టె: క్రొత్తదా, వాడినదా?

తార్నాకలో నివసించు మా మిత్రురా లొకతె, విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థులకై చిన్న ఉపాహారశాల తెఱువ సంకల్పించి, గదికి మాఱుగా ఓడలలో సరకులు తెచ్చు ఇనుపపెట్టెను, అనగా కంటైనరును, కొన నెంచినది. చేతనున్నది గాజులు తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ము. క్రొత్తది కొనవలెనా, వాడినది చాలునా యని మమ్మడిగినది. ఈ సందేహము మఱికొందఱికిని గలుగవచ్చును గాన మాకు తోచినది విన్నవించుచున్నాము.

1956లో అమెరికాదేశమున మాల్కం మెక్లీన్ అను లారీల వ్యాపారి 58 పెట్టెల నొక ఓడపై పంపినది మొదలు ఇవి వ్యాప్తి నొందినవి. చిన్నపెట్టె పొడవు 20 అడుగులు, వెడల్పు 8 అడుగులు. వట్టి పెట్టెయే రెండు టన్నులకు మించి తూగును. క్రొత్తదని అమ్మునదియు తఱచుగా ఒక్కమాఱు సరకుతో సముద్రము దాటినదే. వాడినది సాధారణముగా 10, 15 సంవత్సరములు ఉప్పుగాలికి నిలిచినది, వెల తక్కువ.

వాడినదానిని చూడక కొనరాదు. పగటివేళ లోపల నిలిచి, వెలుపలి మనిషిచే తలుపులు మూయింపవలెను. చీకటిలో వెలుతురుచుక్క కనబడినచోట వాననీరును దిగును. తలుపుల రబ్బరు అంచులను, అడుగు దూలములను పరిశీలింపవలెను. పైపై త్రుప్పునకు వెఱవ నక్కఱలేదు. తట్టినంతనే పెచ్చులూడు త్రుప్పే చేటు. క్రొత్తరంగును చూచి మురియరాదు. తలుపునకు బిగించిన రేకుపై తయారైన సంవత్సర ముండును, అది చదువుడు.

నేలచెక్కకు పురుగుమందు పట్టించియుందురు. వంట చేయువారు, పెట్టె క్రొత్తదైనను, నేల మార్పించుటయో, పైని గట్టిపొర పఱపించుటయో చేయవలెను.

1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిగోడలు ఎండను త్వరగా లోనికి రానీయవు. ఈ పెట్టెగోడ మందము సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే! వేసవిలో 40 డిగ్రీలు దాటు మన నగరమున వేడి నాపు పొరయు, పైని నీడయు, కిటికీలును లేక లోపల నిలువజాలము. కిటికీ కోసినచోట ఇనుపచట్రము బిగింపవలెను. గోడయు బలమునకు ఆధారమే గదా! ఈ వ్యయము క్రొత్తదానికిని తప్పదు.

కావున సొమ్మంతయు క్రొత్తపెట్టెకే వెచ్చించి లోపల ఉడుకుటకన్న, గట్టి పాతదానిని కొని, మిగిలినది నేలకును నీడకును ఉంచుకొనుట మేలని మా యభిప్రాయము. అయితే స్థలయజమాని సమ్మతియు, నగరపాలకుల అనుమతియు లేనిదే బయానా ఈయరాదు. క్రేను తిరుగుటకు సందు చాలునో లేదో ముందే చూడవలెను.

మా మిత్రురాలు ఇంకను బయానా ఈయలేదు; టేపు పట్టుకొని సందు కొలుచుచున్నది.