బావ కారు, బ్లాస్ట్ ఫర్నేసు గాలి

మా బావకి ఇద్దరు పెళ్లాలని మా అక్క వీధంతా చెబుతుంటుంది. మొదటిది తను. రెండోది గాజువాకలో వాళ్లింటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉండే 2005 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. టర్బో పెట్రోలు బండి. బావ దాన్ని 2012లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 31 ఉంటుంది. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయాక, ఆ ముప్పై ఒకటిని చూసుకుని ‘మనది అసలైన వైజాగ్ బండిరా’ అని మురిసిపోతుంటాడు.

ఈమధ్య ఆ మురిపెం తగ్గింది. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే బండి ఆయాసపడుతోంది. ఒకప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే వీపు సీటుకి అతుక్కునేది. ఇప్పుడు వెనకాల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఇంతలో ఎవరో చెప్పారు, ల్యాప్‌టాప్ తగిలించి గంటలో ముప్పై గుర్రాల బలం పెంచే కుర్రాడొకడున్నాడని. వెంటనే నాకు ఫోను. ‘ఒరేయ్ బామ్మర్దీ, రీమ్యాప్ చేయించేద్దాం. మీ అక్కకి నువ్వే నచ్చజెప్పాలి. ఎంతా, పాతిక వేలే!’

పాతిక వేలే... మొన్న జూన్‌లో పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం అక్క గాజులు బ్యాంకుదాకా వెళ్లొచ్చాయి. అందుకే నచ్చజెప్పే ముందు అసలీ రీమ్యాప్ ఏమిటో తెలుసుకుందామనుకున్నాను.

ఇంజిన్‌కి మెదడులాంటి పెట్టె ఒకటుంటుంది. ఈసీయూ అంటారు. అందులో ఎక్కాల పుస్తకంలాంటి పట్టికలుంటాయి. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత గాలి పీలుస్తోంది అన్నవి రెండూ చూసుకుని, ఆ గడిలో ఉన్న అంకె ప్రకారం పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో, టర్బో ఎంత గాలి నెట్టాలో ఆ పెట్టె తేలుస్తుంది. ఆ పట్టికే మ్యాప్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి వైరు పెట్టి, ఆ అంకెల్ని బయటికి లాగి, మార్చి, మళ్లీ లోపలికి ఎక్కించడమే రీమ్యాప్. చాలా బండ్లకి స్పానర్‌తో పని కూడా ఉండదు. ఎక్కించేటప్పుడు బ్యాటరీ పడిపోయిందా, బండి అక్కడే కూలబడే ప్రమాదముంది.

టర్బో గురించైతే బావే చెప్పాలి. ఆయన ఉద్యోగం స్టీల్‌ప్లాంట్‌లో. ‘మన గోదావరి, కృష్ణ, అన్నపూర్ణలకి ఊపిరి పోసేదెవరు? టర్బో బ్లోయర్లు. గాలి ఎంత నెడితే మంట అంత. కారైనా అంతే’ అంటాడు. (కంగారు పడకండి, అవి ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు.) పోలిక బాగానే ఉంది. ఇంజిన్‌లోంచి సైలెన్సర్‌కి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బలం. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

కాకపోతే బావ పోలిక ఒకచోట తిరగబడుతుంది. ఫర్నేసుకి పంపే గాలిని వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాచి మరీ పంపుతారు. గాలి ఎంత వేడిగా ఉంటే కోకు అంత ఆదా. పెట్రోలు ఇంజిన్‌కి ఆ వేడే శత్రువు. గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిలు పంపు కొట్టినవాళ్లందరికీ తెలుసు. ఆ వేడి మితిమీరితే, నిప్పురవ్వ రాజేసిన మంట తన దాకా రాకముందే మూలనున్న పెట్రోలు ఆవిరి తనంతట తనే భగ్గుమంటుంది. మెకానిక్కులు దాన్నే నాకింగ్ అంటారు. లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టుంటుంది. ముదిరితే పిస్టన్ కరిగి చిల్లు పడుతుంది.

ఈ బాధ టర్బో కార్లకి పుట్టుకతోనే ఉంది. అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. నాకింగ్ ఆపడానికి ఇంజిన్‌లోకి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం చిమ్మేవాళ్లు. దానికో ప్రత్యేకమైన ట్యాంకు. పెట్రోలు పోయించుకోవడం గుర్తున్నవాళ్లకి కూడా ఈ రెండో ట్యాంకు గుర్తుండేది కాదు. రెండేళ్లకే ఆ మోడల్ ఆగిపోయింది. ఇప్పుడైతే చెవి ఆనించి వినే నాక్ సెన్సర్ ఉంది, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంది. అయినా మే నెలలో మన ఊరి ఎండకి ఇంటర్‌కూలర్ మాత్రం ఎంతని చల్లారుస్తుంది?

బావ బండి మన దేశంలోకి వచ్చింది 2004లో, సుమారు 150 గుర్రాల బలంతో. యూరప్‌లో ఆర్ఎస్ పేరుతో అమ్మినది 180. ‘చూశావా, మన ముప్పై గుర్రాల్నీ కట్టేశారు. తాడు విప్పితే చాలు’ అని బావ వాదన. కంపెనీలు పట్టికలో కొంత జాగా వదిలేస్తాయన్నది నిజమే. కానీ ఆ జాగా ఎండ కోసం, నాసిరకం పెట్రోలు కోసం, ఆయిల్ మార్చడం ఆర్నెల్లు వాయిదా వేసే మనలాంటి వాళ్ల కోసం. రీమ్యాప్ చేసే కుర్రాడు ఖర్చు పెట్టేది దాన్నే.

పెట్రోలు సంగతి కూడా మారింది. బీఎస్ 2 రోజుల్లో మన పెట్రోలు ఆక్టేన్ 88, బీఎస్ 4 నాటికి 91, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20తో 95 అని కేంద్ర పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్ తక్కువ. మంచిదే. అయితే స్వచ్ఛమైన పెట్రోలు కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి పదమూడున్నర చాలు. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం చిమ్మాలి. మామూలుగా వెళ్లేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. కాలు పూర్తిగా నొక్కినప్పుడు మాత్రం పాత పట్టికే దిక్కు. ఈ ఒక్క కారణానికైతే పాత టర్బో బండికి పట్టిక తిరగరాయడంలో అర్థముందనే నా అభిప్రాయం. అదీ బండిని రోడ్డు మీద తిప్పి, రీడింగులు చూసి, ఆ బండికే రాసేవాడి చేతిలో. అందరికీ ఒకటే ఫైలు ఎక్కించేవాడి చేతిలో కాదు.

సరే, ఆటోనగర్‌లో బావకి తెలిసిన పెద్దాయన ఉన్నాడు, ముందు చూపిద్దామన్నాను. ఆయన బానెట్ ఎత్తి, ఓ నిమిషం విని, దించేశాడు. ‘ఏటి బాబూ, ఊపిరాడనోడికి పరుగుపందెం నేర్పుతానంటావు! ముందు ఊపిరెక్కడ పోతందో సూడు’ అన్నాడు. గాలి లోపలికెళ్లే గొట్టంలోకి చిన్న మిషనుతో తెల్లటి పొగ పంపాడు. మేం వంగి చూస్తున్నాం. అరనిమిషంలో ఇంజిన్ కింద, చెయ్యి దూరని చోట, ఒక రబ్బరు గొట్టం మలుపు దగ్గర పొగ సన్నగా పైకి లేచింది. అగరుబత్తిలా. ఇంకోచోట కూడా.

ఇరవై ఏళ్ల రబ్బరు. తప్పెవరిదీ కాదు. టర్బో నెట్టిన గాలిలో కొంత ఇంజిన్‌కి చేరకుండానే పోతోందన్నమాట. ఈ స్థితిలో గాలి ఇంకా నెట్టమని పట్టిక మారిస్తే, కారిపోయేదాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరిగి ఇంకా వేడెక్కేది. రెండు గొట్టాలు, నాలుగు ప్లగ్గులు, ఒక ఇగ్నిషన్ కాయిల్, కూలీతో కలిపి తొమ్మిది వేలైంది. క్లచ్, టైమింగ్ బెల్ట్ సంగతి వచ్చే నెల చూద్దామన్నాడు పెద్దాయన.

చట్టం మాట కూడా బావ చెవిన వేశాను. కంపెనీ ఇచ్చిన మౌలిక వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు లేదా రెండూ అని రాసుంది. ‘అంకెలు మారిస్తే ఎవడికి కనపడుతుందిరా?’ అన్నాడు బావ. చెక్‌పోస్టులో కనపడకపోవచ్చు. గుద్దుకున్నాక, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకుండా చేయించిన మార్పు బయటపడితే అప్పుడేం చెబుతావన్నాను. పాపకి కొత్తగా లైసెన్సు వచ్చింది, ఆ బండే నేర్చుకుంటోంది. బావ ఏమీ అనలేదు.

పోయిన ఆదివారం నలుగురం సింహాచలం వెళ్లాం. స్టీరింగ్ పాప చేతిలో ఉంది. రెండో మలుపు దాటాక కాస్త నొక్కమన్నాడు బావ. నొక్కింది. వెనక సీట్లో అక్క చేతిలో ఉన్న పూజ బుట్ట ఒళ్లో పడింది. ‘మెల్లగానే!’ అని కేకేసింది. బావ మొహం చూడాలి!

ల్యాప్‌టాప్ కుర్రాడి నంబరు మాత్రం బావ ఫోన్‌లో ‘గ్యాస్ బుకింగ్’ పేరుతో ఇంకా ఉంది. అక్కకి తెలీదు. ఈ పేజీ చదివితే తెలుస్తుంది.